పాసుపుస్తకంలో పట్టని నేల

పెట్టుబడి సాయానికి అర్హులెవరన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా మన కార్యాలయాల్లో మొదట అడిగేది పాసుపుస్తకం. పేరు, సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు సరిపోతే డబ్బు ఖాతాలో పడుతుంది, లేకపోతే లేదు. మాగాణి పల్లెల్లో ఈ పద్ధతి ఒక మాదిరిగా పనిచేస్తుంది. అక్కడా కౌలుదారు గుమ్మం బయటే నిలబడతాడు గానీ, భూమి ఎంత, ఎక్కడ, ఎవరిది అన్న మూడు ప్రశ్నలకూ కాగితం మీద ఏదో ఒక జవాబు దొరుకుతుంది. కొండవాలు మీద సామ, కొర్ర, చోడి పండించుకునే కుటుంబానికీ, ఊరి బంచరాయిలో మంద మేపుకునే కురుమకూ గొల్లకూ ఆ కాగితం సూటిగా బదులు చెప్పదు. ఈ అధ్యాయం వాళ్ల కోసం, వాళ్లకు దరఖాస్తులు రాసిపెట్టే ఊరి చదువుకున్న పిల్లల కోసం, గ్రామసభలో కూర్చునే ప్రతి ఒక్కరి కోసం. ఇందులో నేను నిలబెట్టదలచుకున్న వాదన ఒకటే: సాయానికి అర్హతను భూమిని వాడి బతికే పనిని బట్టి తేల్చాలి, ఆ పనికి సాక్ష్యం చెప్పే అధికారం గ్రామసభకు ఉండాలి. ఉమ్మడి నేల విషయంలోనైతే ఆ నేల ఉమ్మడిగా ఉండగానే అందులో వాటా ఉన్నవాళ్లకు సాయం చేరాలి.

ఇప్పుడు అమలులో ఉన్న నియమాలేమిటో ముందు చూద్దాం. తెలంగాణలో 2018 మే 10న మొదలైన రైతుబంధు ఎకరానికి సీజనుకు 4,000 రూపాయలు ఇచ్చింది, తర్వాత అది 5,000 అయింది. ఎన్ని ఎకరాలున్నా పరిమితి లేదు, కౌలుదారుకు చోటు లేదు. 2025 జనవరి 26న వచ్చిన రైతు భరోసా ఆ మొత్తాన్ని ఎకరానికి ఏడాదికి 12,000 చేసింది. పీఎం కిసాన్ లెక్క వేరు. ఎకరాలతో పని లేకుండా కుటుంబానికి ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతల్లో వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఇస్తున్న అన్నదాత సుఖీభవ కూడా కుటుంబాన్నే ప్రమాణంగా తీసుకుని, పీఎం కిసాన్‌తో కలిపి ఏడాదికి 20,000 అందిస్తోంది. అటవీ హక్కుల పట్టా ఉన్న రైతును రెండు రాష్ట్రాలూ అర్హుడిగానే గుర్తించాయి. ఇది చిన్న విషయం కాదు, దీని వెనుక ఏజెన్సీ ప్రజల ఎన్నో ఏళ్ల పోరాటం ఉంది. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలైన పోడు పట్టాల పంపిణీలో 1.51 లక్షల మందికి సుమారు 4.06 లక్షల ఎకరాల మీద హక్కు పత్రాలు దక్కాయి. ఆ రెండు అంకెలనూ భాగించి చూడండి, తలకు మూడెకరాలు కూడా రావు. ఎకరం చొప్పున లెక్కవేస్తే కాలువ కింద పదెకరాలున్న రైతుకు ఏడాదికి లక్షా ఇరవై వేలు వస్తుంటే, రాళ్లు ఏరుకుని వానమీదే ఆధారపడి పండించే పోడు రైతుకు సగటున ముప్పై మూడు వేలు దాటవు. పైగా కొండ నేల ఏటా ఒకే తీరుగా పండదు. కొన్ని చెలకలను రెండు మూడేళ్లు బీడు వదిలితేనే మళ్లీ సత్తువ పుంజుకుంటాయి. ఆ బీడు కూడా సేద్యంలో భాగమే. ఆ ఏడు పొలం మీదికి వెళ్లి చూసినవాళ్లకూ, ఉపగ్రహ చిత్రంలో చూసినవాళ్లకూ మాత్రం అది సాగులేని భూమిగానే కనిపిస్తుంది.

ఈ చూపులోనే అసలు చిక్కుంది. రైతు భరోసా మార్గదర్శకాలు రియల్ ఎస్టేట్ వెంచర్లు, రోడ్లు, గనుల తవ్వకం భూములతో పాటు గుట్టలను, రాళ్లు రప్పలున్న నేలను సాగుకు యోగ్యం కాదని పక్కన పెట్టాయి. ప్లాట్లుగా మారిన భూమికి రైతుల పేరుతో ప్రజాధనం పోతుంటే ఆపాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. అయితే నాగలి సాగని నేలంతా ఎవరికీ అక్కరలేని నేల కాదు. ఆ గుట్ట మీది గడ్డి, తుమ్మకాయ, రేగుకంప, వానాకాలంలో మొలిచే తీగెలు తిని బతికే మందలెన్నో లెక్క తీస్తే విషయం తెలుస్తుంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువగా ఉన్న రాష్ట్రం తెలంగాణ, 1.9 కోట్లకు పైగా. రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, సుమారు 1.76 కోట్లు. దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం మన రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. ఇన్ని జీవాలు కొట్టంలో దాణా తిని పెరగలేదు. కోత అయిపోయిన చేలల్లో, చెరువు శిఖంలో, గుట్టల మీద, అడవి అంచుల్లో తిరిగి పెరిగాయి. మేత వెంబడి ఏడాదిలో నెలల తరబడి జిల్లాలు దాటి వెళ్లే మందలూ ఉన్నాయి. దారిలో రైతులు తమ చేలలో మందలు పెట్టించుకుని, ఎరువు వేసినందుకు కాపరికి ధాన్యమో డబ్బో ఇస్తారు. రసాయన ఎరువు బస్తాకు రాయితీ ఇచ్చే ప్రభుత్వం, ఆ నేలకు పేడ ఎరువు మోసుకొచ్చే మనిషిని రైతుల జాబితాలో ఎక్కడా పెట్టలేదు.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో పనిచేసిన ఆర్థికవేత్త ఎన్.ఎస్. జోధా 1980ల్లో ఆంధ్రప్రదేశ్ సహా ఏడు రాష్ట్రాల మెట్ట పల్లెల్లో ఉమ్మడి భూములను అధ్యయనం చేశారు. పేద కుటుంబాల వంటచెరకు, పశువుల మేత, ఆదాయంలో పెద్ద భాగం ఆ భూములనుంచే వస్తోందని, భూమి ఎక్కువున్న కుటుంబాలకు వాటి అవసరం చాలా తక్కువని ఆయన చూపించారు. ముప్పై ఏళ్లలో ఆ భూముల విస్తీర్ణం భారీగా తరిగిపోయిందనీ, పంచిపెట్టిన చోట కూడా అందులో చాలా భాగం పేదల చేతుల్లోకి వెళ్లలేదనీ తేల్చారు. నలభై ఏళ్ల తర్వాత ఆ పరిశీలనను గుర్తు చేసుకోవడానికి కారణముంది. ఊరికి ప్రభుత్వ స్థలం కావలసిన ప్రతిసారీ, అది మొక్కల పెంపకానికైనా, చెత్త డంపింగ్‌కైనా, శ్మశానానికైనా, మొదట చూపు పడేది బంచరాయి మీదనే. ఎందుకంటే ఆ నేల ఎవరి ఖాతాలోనూ లేదు, దాని మీద ఎవరికీ సాయం అందడం లేదు, కాబట్టి అడ్డుచెప్పే పేరు కాగితంలో కనిపించదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టి, 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి 1.25 లక్షల రూపాయల యూనిట్‌ను 75 శాతం రాయితీతో సహకార సంఘాల సభ్యులకు ఇచ్చింది. జీవాలకు ఇంత ఖర్చు పెట్టినప్పుడు అవి మేసే నేలకు కూడా ఒక రక్షణ, ఒక లెక్క ఉండాల్సింది. ఆ పని జరగలేదు. భూమిలేని కూలీలకు ఏడాదికి 12,000 ఇచ్చే ఇందిరమ్మ ఆత్మీయ భరోసాకు ఉపాధి హామీలో 20 రోజులు పనిచేసి ఉండాలన్నారు. మంద వెంట ఊరు విడిచి వెళ్లే కాపరికి ఆ ఇరవై రోజులు ఎక్కడివి?

పని చేసేవాళ్లను గుర్తించే పద్ధతి మన దేశంలో లేనిదేం కాదు. పీఎం కిసాన్ నియమాల్లోనే దానికి దారి ఉంది. నాగాలాండ్‌లో భూమి గ్రామానిదో, వంశానిదో. వ్యక్తి పేరున రికార్డు ఉండదు. అందుకని అక్కడ గ్రామ మండలి ఇచ్చే ధ్రువపత్రాన్ని అధికారులు పరిశీలించి సంతకం చేస్తే, కొండపోడు చేసుకునే కుటుంబం కూడా అర్హత పొందేలా కేంద్రమే వెసులుబాటు కల్పించింది. మణిపూర్ కొండ గ్రామాల్లోనూ గ్రామ పెద్ద ఇచ్చే పత్రంతో ఇలాంటి ఏర్పాటే ఉంది. అంటే ఉమ్మడి భూమి ఉన్నచోట గ్రామం మాటే ఆధారంగా చెల్లుతుందని ఢిల్లీ ఒప్పుకుంది. ఈశాన్యంలో చెల్లిన సూత్రం పాడేరులో, ఉట్నూరులో ఎందుకు చెల్లకూడదు? ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదు ఇంకో ఉదాహరణ. అక్కడ సిబ్బంది పొలానికి వెళ్లి ఏ పంట ఉందో, ఎవరు సాగుచేస్తున్నారో ఫొటోతో సహా నమోదు చేస్తారు. వాడకాన్ని లెక్కగట్టే యంత్రాంగం అలా మన చేతుల్లోనే ఉంది. తెలంగాణలో పాత పహాణీలో అనుభవదారు కాలమ్ ఉండేది. ధరణి భూరికార్డుల పోర్టల్ వచ్చాక అది కనిపించకుండా పోయింది. ఆ ఒక్క కాలమ్ పోవడంతో, నేల మీద ఉన్న మనిషిని రికార్డులో చూపే చోటు లేకుండా అయింది.

బయటి అనుభవం ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే కొండ మేత భూములకు సాయం ఎలా లెక్కకట్టాలన్న చర్చ బాగా జరిగిన చోట్లలో స్కాట్లాండ్ ఒకటి. అక్కడ వెయ్యికి పైగా ఉమ్మడి మేత భూములున్నాయి, ఐదు లక్షల హెక్టార్లకు మించిన విస్తీర్ణం. 1891 చట్టం నుంచి ఆ భూములను వాటాదారులు ఎన్నుకున్న కమిటీలు చూసుకునే ఏర్పాటు ఉంది. ఒక్కో వాటాకు ఎన్ని గొర్రెలు, ఎన్ని పశువులు వదలొచ్చో ముందే నిర్ణయం ఉంటుంది. సాయం లెక్కలోనూ ఉమ్మడి భూమిని ముక్కలు చేయకుండా, వాటాను బట్టి ఎవరి భాగం ఎంతో కాగితం మీద పంచుతారు. 2015 సంస్కరణల్లో దేశంలోని వ్యవసాయ భూమిని మూడు రకాలుగా విడదీసి, మంచి మాగాణికీ గరుకు కొండకూ వేర్వేరు రేట్లు పెట్టారు. అంతకుముందు అక్కడ ఒక అక్రమం నడిచింది. జీవాలు లేకుండా, పని లేకుండా, చవక కొండ భూమిని కాగితం మీద చూపించి కొందరు సాయం తీసుకున్నారు. దానికి జవాబుగా, కొండ మేత భూమి మీద ఏడాదిలో సగం రోజులైనా కనీస సంఖ్యలో జీవాలు ఉండాలని, లేదా భూమి పరిరక్షణకు తగిన పని జరగాలని షరతు పెట్టారు. ఆ విధానంలో లోపాలున్నాయి. కొండకు పెట్టిన రేటు మరీ తక్కువన్న ఫిర్యాదు బలంగా వినిపించింది, అది నిజమైన ఫిర్యాదే. ఐరోపా సంఘం నియమాల్లో కూడా మొదట గడ్డి ఉన్నదే మేత భూమి అన్న నిర్వచనం వల్ల పొదలున్న కొండలు అర్హత కోల్పోయాయి. 2013లో ఆ నిర్వచనం మార్చి, స్థానికంగా ఎప్పటినుంచో మేతకు వాడుతున్న పొదల భూమిని కూడా చేర్చే వీలు కల్పించారు. అక్కడి రేట్లు మనకు అక్కరలేదు. వాటా, వాడకం, కనీస పని అన్న మూడు మెట్లు మాత్రం మనం నేర్చుకోవాలి.

వాటిని మన నేలకు అన్వయిస్తే న్యాయమైన నియమం ఇలా ఉండాలని నా అభిప్రాయం. సాయంలో మొదటి భాగం కుటుంబానికి సమానంగా అందాలి. నేల రకంతో, ఎకరాలతో దానికి సంబంధం ఉండకూడదు. పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ ఇప్పటికే ఈ దారిలో ఉన్నాయి. ఎకరాన్ని బట్టి ఇచ్చే భాగం ఉంటే దానికి పైపరిమితి పెట్టి, మెట్ట, పోడు నేలలకు కొంత ఎక్కువ బరువు ఇవ్వాలి. బీడు వదిలిన ఏడు కూడా పోడు సాగులో భాగంగానే లెక్కించాలి. ఇక మేత భూమి మీద వచ్చే సాయం వ్యక్తి పేరున కాకుండా గొర్రెల కాపరుల సంఘం ద్వారానో, గ్రామసభ గుర్తించిన మేత కమిటీ ద్వారానో వాటాదారులకు చేరాలి. వాటా లెక్కలో మంద పరిమాణం ఒక్కటే చూస్తే పెద్ద మందలవాళ్లే గుంజుకుంటారు కాబట్టి, కుటుంబానికి ఒక కనీస వాటా ఉంచి, దాని పైన జీవాలను బట్టి పరిమితితో పెంచాలి. ఆ నేల దున్నడం, అమ్మడం, కంచె వేసుకోవడం జరిగిన ఏడు సాయం ఆగాలి. ఈ చివరి షరతు అన్నిటికన్నా ముఖ్యమైనదని నేను నమ్ముతున్నాను.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం అడవి గురించి. పోడుకూ మేతకూ సాయం ఇస్తే ఇంకా అడవి కొడతారు, బంచరాయిలు ఆక్రమిస్తారు అని అధికారులు, పర్యావరణం గురించి బాధపడేవాళ్లు అంటారు. వాళ్ల ఆందోళనను తేలిగ్గా తీసుకోను. అయితే అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13ను గడువుగా పెట్టింది, ఒక కుటుంబానికి నాలుగు హెక్టార్లకు మించి గుర్తించదు. కొత్తగా నరికిన నేలకు ఆ చట్టంలో చోటు లేదు, నేను చెప్పే నియమంలోనూ ఉండదు. ఇంకో మాట కూడా ఆలోచించాలి. ఇప్పుడున్న పద్ధతిలో డబ్బు వచ్చేది దున్నిన, పట్టా ఉన్న ఎకరానికే. మేసే ఎకరానికి ఏమీ రాదు. అలాంటప్పుడు బంచరాయిలో ఒక మూల దున్ని, ఎలాగో పట్టా చేయించుకోవాలన్న ఆశ ఎవరికి కలగదు? ఆక్రమణకు ఆశపెడుతున్నది ఇప్పటి నియమమే. మేసే నేలకు కూడా, అది మేత నేలగా ఉన్నంతకాలం, ఊరందరికీ చెందే ఆదాయం వస్తే దాన్ని కాపాడుకునే చేతులు పెరుగుతాయి. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. తీర్పు ఉన్నా ఆక్రమణల మీద ఫిర్యాదు చేసేందుకు ఊళ్లో బలమైన పక్షం ఉండాలి కదా. వాటా ఉన్న కాపరులే ఆ పక్షం అవుతారు.

రెండో అభ్యంతరం దొంగ లెక్కల గురించి. గ్రామసభలో పెత్తందారులు చెప్పిందే చెల్లుతుంది, లేని గొర్రెలు రాయించుకుంటారు అంటారు. ఈ ప్రమాదం నిజమే. కానీ పాసుపుస్తకం పద్ధతిలో కూడా సాగు చేయని భూమికి ఏళ్ల తరబడి సాయం పోయిందని ప్రభుత్వమే ఒప్పుకుని, రైతు భరోసాలో వడపోత పెట్టాల్సి వచ్చింది. మోసం రెండు చోట్లా సాధ్యమే అయినప్పుడు, దాన్ని పట్టుకోగల కళ్లు ఎక్కడ ఎక్కువ ఉన్నాయో అక్కడ నిర్ణయం ఉండటం మేలు. ఎవరి మందలో ఎన్ని జీవాలున్నాయో ఊరికి తెలుసు, మండల కార్యాలయానికి తెలియదు. పశుసంవర్ధక శాఖ టీకాలు, నట్టల మందు వేసేటప్పుడు మందల లెక్క రాసుకుంటుంది. ఆ పుస్తకాన్ని సంఘం జాబితాతో సరిచూసి, గ్రామసభలో బయటికి చదివి వినిపిస్తే అబద్ధం దాగడం కష్టం. అటవీ హక్కుల నియమాలు గ్రామసభకు కనీసం సగం మంది రావాలని, వచ్చినవాళ్లలో మూడో వంతు మహిళలుండాలని చెప్పింది కూడా ఇందుకే. డబ్బు చాలదన్న మాట కూడా వినిపిస్తుంది. పరిమితి లేకుండా ఎన్ని ఎకరాలకైనా ఇచ్చిన ఖజానాకు, ఆ పైమొత్తాన్ని కోసి కిందికి పంచడం చేతకాని పని కాదు.

నియమాలు మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలని నేను చెప్పను. ఇప్పుడున్న చట్టాల్లోనే చేసుకోగల పని చాలా ఉంది, ఆ పని చేసిన ఊరు రేపు ఏ పథకం వచ్చినా ముందు వరుసలో ఉంటుంది. మీ మేత నేల అడవి హద్దులో ఉంటే, అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి) కింద మేత హక్కు సామూహిక హక్కుగా దొరుకుతుంది. స్థిరంగా ఉన్నవాళ్లకూ, మంద వెంట తిరిగేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. వ్యక్తిగత పోడుకు ఫారం-ఎ, సామూహిక హక్కులకు ఫారం-బి, అడవి వనరు మొత్తం మీద నిర్వహణ హక్కుకు ఫారం-సి. చాలా ఊళ్లలో మొదటిదే నింపి ఆగిపోతారు. దయచేసి అక్కడ ఆగవద్దు, మేతకూ అడవి వనరుకూ ఆధారం ఆ తర్వాతి రెండే. సాక్ష్యం కోసం పాత కాగితాలు లేవని బెంగ పడనక్కరలేదు. 13వ నియమం ప్రకారం దరఖాస్తుదారు కాని పెద్దల మాటను రాతపూర్వకంగా నమోదు చేస్తే అదీ ఆధారమే, సంప్రదాయ మేత స్థలాలు కూడా సామూహిక హక్కుకు సాక్ష్యమే. మీ ఊళ్లో మంద తిరిగిన గుట్టల పేర్లు, నీళ్లు తాపిన కుంటలు, రాత్రి మంద నిలిపిన చోట్లు చెప్పగల ముసలివాళ్లు ఉండగానే వాళ్ల చేత చెప్పించి రాసుకోండి. సంచార కాపరుల దరఖాస్తులను వాళ్లు ఊళ్లో ఉన్న సమయంలోనే పరిశీలించాలని నియమాల్లోనే ఉంది. మందలు వలస పోయిన నెలలో విచారణ పెడితే లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వాలి, పై కమిటీకి వెళ్లడానికి 60 రోజుల గడువు ఉంటుంది. పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలన్నది చట్టం, అది ఇచ్చేటప్పుడే చూసుకోండి.

రెవెన్యూ భూమిలో ఉన్న బంచరాయికి దారి వేరు. తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ, సేత్వార్, ఆంధ్రలో రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అడంగల్ తీసి, మీ ఊరి మేత పోరంబోకు సర్వే నంబర్లు, విస్తీర్ణం ఒక చోట రాసుకోవాలి. తహసీల్దారు కార్యాలయం ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ నంబర్లు నిషేధిత భూముల 22-ఎ జాబితాలో ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే చేర్చమని కలెక్టరుకు రాయండి. గొర్రెల పెంపకందారుల సంఘం ఉన్న ఊరైతే సభ్యుల జాబితా, కుటుంబానికి ఉన్న జీవాల లెక్క, ఎవరు ఏ కాలంలో ఎక్కడ మేపుతారన్న వివరం ఒక రిజిస్టరులో ఎక్కించి, ఏటా గ్రామసభలో చదివి ఆమోదం తీసుకోండి. సంఘంలో పేరు లేని వాళ్లు, ముఖ్యంగా మేకలు కాసుకునే దళిత కుటుంబాలు, ఒంటరి ఆడవాళ్లు ఆ రిజిస్టరులో తప్పనిసరిగా ఉండాలి. ఉమ్మడి నేల మీద వాళ్ల హక్కు ఎవరికన్నా తక్కువ కాదు, వాళ్లను విడిచిపెట్టి చేసిన జాబితాను గ్రామసభ ఆమోదించకూడదు. వచ్చే గ్రామసభ తేదీ తెలుసుకుని, మీ ఊరి మేత భూముల జాబితా, కాపరుల రిజిస్టరు అన్న రెండు అంశాలను ఎజెండాలో పెట్టమని పంచాయతీ కార్యదర్శికి ముందుగానే రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.